నెమ్మదించిన దుకాణం వెబ్‌సైటుకు ఏ మందు: బరంపురం నుంచి జయపురం దాకా వ్యాపారులకు పోలిక

దక్షిణ ఒడిశాలోని బరంపురంలో పట్టుచీరల కొట్టు, గోపాల్‌పూర్ ఒడ్డున లాడ్జి, పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మల వ్యాపారం, రాయగడలో హోల్‌సేల్ హార్డ్‌వేర్. ఎవరి సైటు నెమ్మదించినా చుట్టూ ఉన్నవాళ్లు చెప్పే సలహాలు ఐదే. హోస్టింగ్, అంటే సైటును ఉంచే అద్దె సర్వరు (ఎప్పుడూ నెట్టులో ఉండే కంప్యూటరు), మార్చమంటారు. క్యాషింగ్ ప్లగిన్, అంటే ఒకసారి తయారైన పేజీని దాచి మళ్లీ అదే ఇచ్చే అదనపు ప్రోగ్రాం, వేయమంటారు. సైటు మొత్తం మళ్లీ కట్టించమంటారు. నెల అద్దెకు దుకాణం సైటు ఇచ్చే షాపిఫైకి మారిపోమంటారు. అసలు సైటెందుకు, వాట్సాప్ చాలదా అంటారు. ఐదింటికీ చోటుంది. కాకపోతే ఒక్కొక్కటి ఒక్కో జబ్బుకు మందు. ఐదు ఎంబీల ఫొటోలను కొత్త సర్వరు మీదికి అలాగే మోసుకుపోతే డబ్బు పోతుంది, సైటు మాత్రం కదలదు. అందుకే ఇక్కడ ముందు కొలత, తర్వాతే ఎంపిక.

ఆలస్యం ఎక్కడుందో పట్టుకోవడం

గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ తెరిచి మీ సైటు చిరునామా ఇవ్వండి. మొబైల్ ట్యాబ్ మాత్రమే చూడండి. మీ దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఫోనే. పై భాగంలో కనిపించేది గత 28 రోజుల్లో క్రోమ్‌లో మీ సైటు చూసిన నిజమైన మనుషుల లెక్క. అందులో మూడు అంకెలు ముఖ్యం. పేజీలోని పెద్ద బొమ్మో, పెద్ద అక్షరాల భాగమో కనబడటానికి పట్టే సమయం ఎల్‌సీపీ, అది 2.5 సెకన్లలోపు ఉండాలి. వేలితో నొక్కాక పేజీ కదిలే సమయం ఐఎన్‌పీ, 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. చదువుతుండగా అక్షరాలు, బటన్లు జారిపోవడాన్ని కొలిచేది సీఎల్‌ఎస్, అది 0.1 దాటకూడదు. నూటికి 75 సందర్శనల్లో ఈ హద్దులు నిలబడితే సైటు బాగున్నట్టు. ఐఎన్‌పీ ఈ లెక్కలోకి 2024 మార్చిలో వచ్చింది. కాబట్టి అంతకు ముందు ఎవరో ఇచ్చిన పాత రిపోర్టు పట్టుకుని కూర్చోవద్దు.

చిన్న వ్యాపారాలకు ఈ పై భాగం ఖాళీగా ఉండటం మామూలే. సందర్శకులు తక్కువైతే గూగుల్ లెక్క చూపదు. అప్పుడు కింది భాగంలోని లైట్‌హౌస్ పరీక్షే ఆధారం. అది సెకనుకు 1.6 మెగాబిట్ల నెట్టు, 150 మిల్లీసెకన్ల రాకపోకల ఆలస్యం, నీరసమైన ఫోను ఉన్నట్టు ఊహించుకుని నడుస్తుంది. ఈ ఊహ మనవైపు నిజానికి దగ్గరే. గజపతి, రాయగడ కొండదారుల్లో సిగ్నల్ ఒక గీతకు పడిపోయినప్పుడు ఇంతకన్నా మెరుగైన వేగం ఆశించలేం. లెక్క వేసి చూడండి. ఒక ఎంబీ అంటే ఎనిమిది మెగాబిట్లు, ఆ నెట్టు మీద దిగడానికి ఐదు సెకన్లు. ఆరు ఎంబీల హోమ్ పేజీకి అర నిమిషం.

లైట్‌హౌస్ నూటికి ఇచ్చే మార్కు ఒక్కో పరుగుకు కొంచెం మారుతుంది. మూడుసార్లు నడిపి మధ్యది తీసుకోండి. హోమ్ పేజీ ఒక్కటే కొలిచి ఆగిపోవద్దు. కొనేవాళ్లు వాట్సాప్ లింకు నుంచి నేరుగా దిగేది ఒక చీర పేజీలోనో, ఒక గది పేజీలోనో. ఆ పేజీనీ, చెల్లింపు పేజీనీ కూడా చూడాలి. ఇతర కొలత సైట్లు వాడితే, అవి విదేశీ నగరం నుంచి డెస్క్‌టాప్ మీద కొలుస్తున్నాయేమో గమనించి, ముంబయి నగరాన్నీ మొబైల్‌నూ ఎంచుకోండి.

ఇక అసలు రోగనిర్ధారణ. కంప్యూటర్లో క్రోమ్ తెరిచి ఎఫ్12 నొక్కండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిసేబుల్ క్యాష్ దగ్గర టిక్ పెట్టి పేజీని రీలోడ్ చేయండి. జాబితాలో మొదటి వరుస మీ పేజీ. దాని మీద నొక్కి టైమింగ్ చూస్తే సర్వరు జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూసిందో తెలుస్తుంది. అదే పద్ధతిలో మీ లోగో బొమ్మ వరుస కూడా చూడండి. లోగో అనేది సర్వరులో సిద్ధంగా ఉన్న ఫైలు, దాన్ని తయారుచేసే పని ఉండదు. లోగోకు కూడా 250 మిల్లీసెకన్లు పడుతుంటే సర్వరు దూరాన ఉన్నట్టు. లోగో 50లో వచ్చి, పేజీకి మాత్రం 1500 పడుతుంటే సర్వరు దగ్గరే ఉంది, పేజీని వండటంలో ఆలస్యం: పాత పీహెచ్‌పీ (సర్వరులో పేజీని తయారుచేసే భాష), బరువైన ప్లగిన్లు, క్యాష్ లేకపోవడం. రెండూ వేగంగా వచ్చి, తెర మీద మాత్రం బొమ్మ ఆలస్యమైతే తప్పు ఫొటోలది, ఫాంట్లది. బొమ్మ వచ్చేసినా నొక్కితే కదలకపోతే స్క్రిప్టులది. ఈ నాలుగింటిలో మీది ఏదో తేలాక కింది ఎంపికల్లో సగం వాటంతట అవే తప్పుకుంటాయి.

ఫొటోలు: ఏ దారి ఎంచుకున్నా తప్పని పని

ఫోనుతో తీసిన 12 మెగాపిక్సెళ్ల ఫొటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3 నుంచి 5 ఎంబీల బరువు ఉంటుంది. కొనేవాళ్ల ఫోను తెర నిండా చూపడానికి 1080 నుంచి 1200 పిక్సెళ్లు చాలు. రెండు వరుసల జాబితాలో ఒక్కో చీరకు 600 చాలు. స్క్వూష్ అనే ఉచిత పనిముట్టు బ్రౌజర్‌లోనే నడుస్తుంది. దాంట్లో 1200కి తగ్గించి, నాణ్యత 75, 80 మధ్య పెడితే ఐదు ఎంబీల ఫొటో సాధారణంగా 100 నుంచి 200 కేబీలకు దిగుతుంది. ఇంత లాభం ఏ హోస్టింగ్ మార్పూ ఇవ్వదు.

ఫొటోను దాచే ఫైలు రకాలు జేపెగ్, వెబ్‌పీ, ఏవిఫ్‌లలో ఏది? గూగుల్ లెక్క ప్రకారం వెబ్‌పీ అదే నాణ్యతలో జేపెగ్ కంటే 25 నుంచి 34 శాతం తేలిక. ఏవిఫ్ ఇంకా తేలిక, కానీ తయారీకి ఎక్కువ సమయం తీసుకుంటుంది, చాలా పాత ఫోన్లలో తెరుచుకోదు. సైట్లు కట్టే ప్రోగ్రాం వర్డ్‌ప్రెస్ వెబ్‌పీని 5.8 వెర్షన్ నుంచి, ఏవిఫ్‌ను 6.5 నుంచి తీసుకుంటుంది. అచ్చారు సీసా, అప్పడాల ప్యాకెట్టు, లాడ్జి గది, హార్డ్‌వేర్ సామాను అమ్మేవాళ్లు వెబ్‌పీ తీసుకుని ముందుకు సాగిపోవచ్చు.

పట్టుచీరల వాళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాలి. నాణ్యత కొంత వదులుకుని సైజు తగ్గించే (లాసీ) వెబ్‌పీ, రంగు వివరాన్ని నిలువునా అడ్డంగా సగానికి కుదించి దాచుకుంటుంది. వెలుగు నీడలు స్పష్టంగానే ఉంటాయి, రంగుకు రంగు తగిలే సన్నని చోట అలుక్కుపోతుంది. బరంపురం పట్టులో ఎర్రటి ఒంటి మీద కుంభం అంచు పళ్లు సరిగ్గా అలాంటి చోటు. జాబితాలో చిన్న బొమ్మకు వెబ్‌పీ పరవాలేదు. నొక్కి పెద్దది చేసి చూసే ఫొటోకు మాత్రం రంగు కుదింపు లేకుండా 4:4:4 పద్ధతిలో ఏవిఫ్‌గానో, నాణ్యత 85 జేపెగ్‌గానో దాచండి. ఆ పెద్ద ఫొటో 400 కేబీలున్నా నష్టం లేదు, కొనాలనుకున్న మనిషి నొక్కినప్పుడే అది దిగుతుంది.

రంగు తేడా ఇంకో చోటి నుంచి కూడా వస్తుంది. ఐఫోన్, కొన్ని ఖరీదైన ఆండ్రాయిడ్ ఫోన్లు డిస్‌ప్లే పీ3 అనే విశాలమైన రంగుల పరిధిలో ఫొటో తీస్తాయి. సైజు తగ్గించే ప్లగిన్ ఆ రంగుల వివరాన్ని తుడిచేస్తే, మండే ఎరుపు వెలిసిపోయిన ఇటుక రంగులా కనిపిస్తుంది. ముందు మామూలు తెరల రంగుల పరిధి ఎస్ఆర్‌జీబీకి మార్చి, తర్వాతే అదనపు సమాచారం తీసేయాలి. వరుస తప్పితే చీర ఇంటికి చేరాక "ఫొటోలో రంగు ఇది కాదు" అని తిరుగు పార్సిల్ వస్తుంది.

ఫొటోను పేజీలో పెట్టే తీరు కూడా వేగాన్ని మారుస్తుంది. పేజీ తెరవగానే కనిపించే మొదటి పెద్ద బొమ్మకు లేజీ లోడింగ్ (అక్కడికి జరిపాకే దించడం) ఉండకూడదు, ఫెచ్‌ప్రయారిటీ హై (ముందు దీన్నే దించు) అని ఉండాలి. కిందికి జరిపితే వచ్చేవాటికి లేజీ లోడింగ్ ఉండాలి. చాలా ప్లగిన్లు అన్నింటికీ ఒకేలా లేజీ తగిలిస్తాయి. దాంతో ఎల్‌సీపీ మెరుగవ్వాల్సింది పోయి దిగజారుతుంది. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు రాసి ఉంచితే పేజీ జారదు.

హోమ్ పేజీలో ఐదు ఫొటోలు తిరిగే స్లైడర్ ఉంటే తీసేయడమే మేలు. చాలా స్లైడర్లు ఫొటోను సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే ఫైలు) ద్వారా వెనుక బొమ్మగా పెడతాయి. బ్రౌజర్ దాన్ని ఆలస్యంగా కనిపెడుతుంది, తెరకు తగిన చిన్న సైజు కూడా ఎంచుకోలేదు. ఒకే మంచి ఫొటో, దాని కింద నాలుగు విభాగాల బటన్లు ఉంటే చాలు. మగ్గం వీడియో యూట్యూబ్‌లో ఉంటే పేజీలో నిలకడ బొమ్మ మాత్రమే పెట్టి, నొక్కినప్పుడు వీడియో వచ్చేలా చేయండి. నేరుగా అతికిస్తే, ఎవరూ చూడకపోయినా వందల కేబీల స్క్రిప్టు దిగుతుంది.

హోస్టింగ్: ఎక్కడి సర్వరు, ఏ రకం

లోగో పరీక్షలో దూరం బయటపడితేనే హోస్టింగ్ మార్పు గురించి ఆలోచించండి. కొత్త మనిషి సైటు తెరిచినప్పుడు మొదటి అక్షరం రావడానికి ముందు ఫోనుకూ సర్వరుకూ మధ్య కనీసం మూడు రాకపోకలు జరుగుతాయి: కనెక్షన్‌కు ఒకటి, కనెక్షన్‌ను భద్రపరిచే తాళం మార్పిడికి ఒకటి, పేజీ అడగడానికి ఒకటి. అమెరికా సర్వరుతో ఒక్కో రాకపోక 250 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, మూడింటికి ముప్పావు సెకను. ముంబయిలోనో హైదరాబాదులోనో ఉన్న సర్వరుతో 50 చొప్పున 150 మిల్లీసెకన్లు. సర్వరు జవాబుకు గూగుల్ చెప్పే మంచి హద్దే 800. అంటే అమెరికా సర్వరు ఆ సమయం దాదాపు అంతా దారిలోనే ఖర్చుపెట్టేస్తుంది. హోస్టింగ్ కంపెనీ మనదేశానిదే అయినా సర్వరు విదేశంలో ఉండొచ్చు. కొనేటప్పుడు డేటా సెంటర్ నగరం అడిగి, రాతలో తీసుకోండి.

షేర్డ్ హోస్టింగ్ (ఒకే సర్వరును చాలా సైట్లు పంచుకోవడం), వీపీఎస్ (సర్వరులో మీకంటూ వేరు చేసిన భాగం), ఈ రెండింటి మధ్య ఎంపిక చేసేటప్పుడు సైటు పెద్దదా చిన్నదా అన్నది రెండో ప్రశ్న. దాన్ని చూసుకునే మనిషి ఉన్నాడా అన్నదే మొదటిది. వీపీఎస్‌లో 2 జీబీ ర్యామ్ పూర్తిగా మీదే, పక్కవాళ్ల రద్దీ తగలదు. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు, బ్యాకప్, డేటాబేస్ ఆగిపోతే లేపడం అన్నీ మీ నెత్తినే పడతాయి. ఆ పని తెలిసిన మనిషి నెలవారీ లెక్కన మీకు అందుబాటులో లేకపోతే వీపీఎస్ జోలికి పోవద్దు. రోజుకు కొన్ని వందల మంది చూసే సైటుకు, లైట్‌స్పీడ్ అనే సర్వరు ప్రోగ్రాం ఉన్న మంచి షేర్డ్ ప్లాను సరిపోతుంది. "అన్‌లిమిటెడ్" అన్న మాటను పట్టించుకోకుండా సీపీయూ, ర్యామ్, ఫైళ్ల సంఖ్య హద్దులు అడగండి. మొదటి ఏడాది ధర చూసి కాకుండా రెన్యువల్ ధర చూసి పోల్చండి. అది రెండు మూడు రెట్లు ఉండటం ఈ రంగంలో మామూలు.

మార్చే ముందు ఉన్నచోటే ఒక పని చేసి చూడండి. హోస్టింగ్ సెట్టింగులు మార్చే తెర సీప్యానెల్‌లో పీహెచ్‌పీ వెర్షన్ చూడండి. 7.4 అని ఉంటే దానికి 2022 నవంబరుతోనే మద్దతు ఆగిపోయింది. పూర్తి బ్యాకప్ తీసి, ప్లగిన్లు అన్నీ అప్‌డేట్ చేసి, 8.3కి మార్చండి. పేజీని వండటంలో ఆలస్యమున్న సైట్లలో ఈ ఒక్క మార్పే పైసా ఖర్చు లేకుండా గట్టి తేడా చూపిస్తుంది. తెల్ల తెర వస్తే వెనక్కి 7.4కి పెట్టి, ఏ పాత ప్లగిన్ అడ్డుపడిందో ఎర్రర్ లాగ్‌లో వెతకండి.

తరలింపు ఈ వరుసలో చేస్తే దుకాణం ఒక్క గంట కూడా మూతపడదు:

1. రెండు రోజుల ముందే డీఎన్‌ఎస్ (సైటు పేరు ఏ సర్వరుదో చెప్పే పట్టిక) టీటీఎల్‌ను, అంటే ఆ జవాబును గుర్తుంచుకునే సమయాన్ని, 300 సెకన్లకు తగ్గించండి.
2. ఫైళ్లు, డేటాబేస్ కొత్తచోటికి కాపీ చేసి, మీ కంప్యూటర్ హోస్ట్స్ ఫైలులో కొత్త ఐపీ (సర్వరు అంకెల చిరునామా) రాసి సైటు పనిచేస్తోందో చూడండి. ఒక ఉత్తుత్తి ఆర్డరు పెట్టి చెల్లింపు పేజీ దాకా వెళ్లండి.
3. ఆర్డర్లు తక్కువుండే వేళ, రాత్రి పదకొండు దాటాక, కొత్త ఆర్డర్లు కాసేపు ఆపి డేటాబేస్ మరొకసారి కాపీ చేసి డీఎన్‌ఎస్ మార్చండి.
4. మెయిల్ పాతచోటే ఉంటే ఎంఎక్స్ రికార్డులు (మెయిల్ ఏ సర్వరుకు పోవాలో చెప్పేవి) ముట్టుకోవద్దు. సైటు బాగానే నడుస్తూ మెయిల్ ఆగిపోవడానికి కారణం ఎక్కువగా ఇదే.
5. పాత హోస్టింగ్‌ను కనీసం ఏడు రోజులు ఉంచండి.

డొమైన్ (సైటు పేరు) ఎవరి పేరు మీద ఉందో కూడా ఈ సందర్భంలోనే చూసుకోండి. సైటు కట్టిన మనిషి మెయిల్‌తో రిజిస్టరై ఉంటే, మీ మెయిల్‌కు, మీ ఫోను నంబరుకు మార్పించుకోండి. పేరు మీ చేతిలో లేకపోతే పైన చెప్పిన వరుసలో మొదటి మెట్టు కూడా ఎక్కలేరు.

క్యాషింగ్ ప్లగిన్, సీడీఎన్

సర్వరు లైట్‌స్పీడ్ అయితే లైట్‌స్పీడ్ క్యాష్ తీసుకోండి, ఉచితం. వేరే సర్వరు మీద దాని పేజీ క్యాష్ పనిచేయదు. అక్కడ డబ్ల్యూపీ సూపర్ క్యాష్ చాలు, డబ్బు పెట్టగలిగితే డబ్ల్యూపీ రాకెట్ వాడటం తేలిక. ఏదైనా ఒక్కటే ఉంచండి. రెండు క్యాష్ ప్లగిన్లు ఒకదాని ఫైళ్లను ఒకటి పట్టుకుని, మార్చిన ధర మారనట్టు చూపిస్తాయి. వర్డ్‌ప్రెస్‌లో దుకాణం నడిపే వూకామర్స్ ఉంటే కార్ట్, చెక్అవుట్, మై అకౌంట్ పేజీలు క్యాష్ నుంచి మినహాయించి ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. అక్కడ పొరపాటు జరిగితే ఒకరి చిరునామా మరొకరికి కనిపించే ప్రమాదం ఉంది.

ఈ ప్లగిన్లలో స్క్రిప్టులను ఆలస్యం చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది. దాన్ని వేయగానే లైట్‌హౌస్ మార్కు 45 నుంచి 90కి ఎగబాకినా, అది చూసి సంబరపడకండి. కొనేవాళ్లు మొదటిసారి తెర తాకినప్పుడే అన్ని స్క్రిప్టులూ ఒక్కసారిగా లేస్తాయి. మెనూ తెరుచుకోదు, బటన్ మొదటి నొక్కుకు పలకదు. వేస్తే మెనూ, కార్ట్, వాట్సాప్ బటన్‌లకు మినహాయింపు ఇచ్చి, తక్కువ ధర ఫోనులో చేత్తో నొక్కి చూడండి.

సీడీఎన్ అంటే ఫైళ్ల నకళ్లను చూసేవాళ్లకు దగ్గరి సర్వరుల్లో ఉంచే ఏర్పాటు. అలాంటి క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాను బొమ్మలు, సీఎస్‌ఎస్ వంటి ఫైళ్లను దాచిపెట్టి ఇస్తుంది. పేజీ హెచ్‌టీఎంఎల్‌ను (అసలు పేజీ ఫైలును) మామూలుగా దాచదు. కాబట్టి పేజీ వండటం ఆలస్యమయ్యే సైటుకు అదొక్కటే మందు కాదు.

మళ్లీ కట్టించడమా, అద్దె వేదికా, స్టాటిక్ పేజీలా

ఫొటోలు తగ్గించి, పీహెచ్‌పీ మార్చి, క్యాష్ వేశాక కూడా నొక్కితే కదలకపోతే తప్పు థీములో (సైటు రూపాన్ని, అమరికను ఇచ్చే భాగంలో) ఉన్నట్టు. పేజీ బిల్డర్లతో కట్టిన సైట్లలో ఒక చిన్న శీర్షిక చుట్టూ ఐదారు పెట్టెలు అల్లుకుని ఉంటాయి, వాడని విడ్జెట్ల స్క్రిప్టులు కూడా దిగుతుంటాయి. అప్పుడు వర్డ్‌ప్రెస్‌ను వదలనక్కర్లేదు. సరుకులు, ఆర్డర్లు, ఖాతాదారుల వివరాలు అలాగే ఉంచి, జెనరేట్‌ప్రెస్, కడెన్స్ వంటి తేలికైన థీముతో, వర్డ్‌ప్రెస్‌లోనే ఉండే గుటెన్‌బర్గ్ బ్లాకులతో హోమ్, విభాగం, సరుకు పేజీలు మళ్లీ కట్టించండి. పేజీల చిరునామాలు మార్చనివ్వద్దు. మార్చక తప్పకపోతే ప్రతి పాత చిరునామాకూ కొత్తదానికి శాశ్వత దారిమళ్లింపు (301) పెట్టాలి. లేకపోతే గూగుల్‌లో ఇన్నాళ్లు సంపాదించిన చోటు పోతుంది, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పాత లింకులన్నీ చచ్చిపోతాయి.

షాపిఫై వంటి అద్దె వేదికలో సర్వరు, క్యాష్, సీడీఎన్, సెక్యూరిటీ గోల మీకుండదు. సైటు చూసుకునే మనిషి దొరకని ఊళ్లో ఇది చాలా విలువైన విషయం. బదులుగా నెలనెలా అద్దె, మీ ప్లానును బట్టి గేట్‌వే రుసుము పైన వేదిక వాటా. చేరే ముందు ఈ రెండూ కలిపి నెలకు మీ అమ్మకాల మీద ఎంత శాతం పడుతుందో కాగితం మీద వేసుకోండి. అక్కడ వేగం పోయేది యాప్‌ల వల్ల. రివ్యూలకొకటి, పాపప్‌కొకటి, చక్రం తిప్పే బహుమతికొకటి, ఒక్కోటి ఒక్కో స్క్రిప్టు తెస్తుంది. యాప్ తీసేసినా దాని కోడు థీములో మిగిలిపోవడం కద్దు. ఐదు యాప్‌లు దాటనివ్వకండి.

అమ్మకం సైటులో జరగని వ్యాపారానికి, అంటే లాడ్జి, క్లినిక్, హోల్‌సేల్ డీలరు వంటివాళ్లకు, స్టాటిక్ పేజీలే (ముందే తయారై ఉండే ఫైళ్లే) ఉత్తమం అని గట్టిగా చెప్పొచ్చు. డేటాబేస్ లేదు, వండటం లేదు, హ్యాక్ భయం చాలా తక్కువ. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ ఉచిత ప్లాను చాలు. లోపం ఒకటే: గది అద్దె మార్చాలన్నా ఫైలు దిద్దగల మనిషి కావాలి. ధరలు తరచూ మారే వ్యాపారమైతే అది నెలనెలా ఇబ్బంది పెడుతుంది.

సైటే వద్దనుకునే వాళ్లకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, వాట్సాప్ బిజినెస్ కేటలాగ్ కలిపితే మొదటి ఏడాది గడిచిపోతుంది. పది పదిహేను సరుకులున్న అచ్చారు, అప్పడాల ఇంటి వ్యాపారానికి ఇది సిగ్గుపడాల్సిన దారి కాదు. రోజుకు ఇరవై ఆర్డర్లు దాటి, ఎవరికి ఏది పంపారో చేత్తో రాసుకోవడం కష్టమైనప్పుడు సైటు గురించి ఆలోచించవచ్చు.

తెలుగు, ఒడియా అక్షరాల బరువు

ఇంగ్లీషు ఫాంటు 20, 30 కేబీల్లో వస్తుంది. తెలుగు ఫాంటులో గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు అన్నీ ఉండాలి కాబట్టి ఒక్కో మందానికి వంద కేబీలు అటూఇటూ ఉంటుంది. తెలుగు, ఒడియా రెండూ పెట్టి, మామూలు, లావు అక్షరాలు రెండూ పెడితే బొమ్మలు రాకముందే 400 కేబీలు. ఆండ్రాయిడ్‌లో నోటో తెలుగు, విండోస్‌లో నిర్మలా యూఐ ముందే ఉన్నాయి. అందుకే చదివే పాఠానికి ఫోనులోని ఫాంటే వాడండి. దుకాణం పేరుకూ శీర్షికలకూ రామభద్రో, మండలియో ఒక్క మందంలో తెచ్చుకోండి. ఫాంట్ డిస్‌ప్లే స్వాప్ పెడితే, ఫాంటు దిగేలోపు ఫోను అక్షరాల్లో పేజీ కనిపిస్తుంది.

బరువు తగ్గించడానికి ఫాంటును కత్తిరించేటప్పుడు యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకు అంకెలిచ్చిన పట్టికలో) 0C00 నుంచి 0C7F దాకా ఉన్న తెలుగు అక్షరాలే ఉంచితే ఒక చిక్కు వస్తుంది. 200C అనే కనబడని విడదీత గుర్తు కూడా ఉంచాలి, లేకపోతే "వెబ్‌సైటు" వంటి మాటలు చదవలేని వత్తుగా మారతాయి లేదా మధ్యలో ఫాంటు మారుతుంది. రూపాయి గుర్తు 20B9 కూడా ఉంచండి. అక్షరాలను కలిపే నియమాల పట్టికను తీసేసే పనిముట్లు వాడవద్దు, వత్తులన్నీ విడివిడిగా పడిపోతాయి. వరుసల మధ్య ఎడం 1.6 నుంచి 1.8 ఉంచాలి. ఇంగ్లీషు థీముల్లో ఉండే 1.3తో పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుతుంది.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత కరపత్రాన్ని బొమ్మగా సైటులో పెట్టడం ఇప్పటికీ కనిపిస్తుంది. అది బరువు, గూగుల్‌కు కనబడదు, ఫోనులో చదవాలంటే వేళ్లతో పెద్దది చేయాలి. యూనికోడ్‌లోకి మార్చి పాఠంగా పెట్టండి.

భాషను ఐపీ చిరునామా చూసి దానంతటదే మార్చే ఏర్పాటు మన జిల్లాల్లో అసలు వద్దు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత పర్లాకిమిడి ఇళ్లలోని భాషను మార్చలేదు. అదీకాక మొబైల్ నెట్టు ఐపీ మీ ఊరిని కాక భువనేశ్వర్‌నో, విశాఖనో చూపవచ్చు. పేజీ పైన "తెలుగు, ఒడియా, ఇంగ్లీషు" అని మూడు మాటలు, ఎవరి లిపిలో వాళ్లకు రాసి పెట్టండి. ఒక్కో భాషకు వేరే చిరునామా ఉండాలి, పేజీ భాష గుర్తు సరిగ్గా ఉండాలి. ఎంచుకున్న భాష తర్వాతిసారి గుర్తుండాలి.

డెలివరీ, ఫారం, బటన్లు

వూకామర్స్‌లో డెలివరీ ఛార్జీలు రాష్ట్రం వారీగా పెట్టేస్తారు. బరంపురం కొట్టుకు సుమారు పాతిక కిలోమీటర్ల ఇచ్ఛాపురం వేరే రాష్ట్రం, కోరాపుట్ సొంత రాష్ట్రం. కొరియర్‌కు నిజంగా దగ్గరిది ఇచ్ఛాపురమే అయినా, దాని మీద దూరపు ఛార్జీ పడుతుంది, ఆ మనిషి చెల్లింపు పేజీలోనే వెనక్కి పోతాడు. దీనికి సులువైన మందుంది. షిప్పింగ్ జోన్లలో "దగ్గర" అని కొత్త జోన్ చేసి, ప్రాంతంగా ఆంధ్రప్రదేశ్ ఎంచుకుని, పిన్‌కోడ్ పరిమితి పెట్టెలో 532000...532999 అని రాయండి. 532* అన్నా అదే. రాయగడ వ్యాపారులు పార్వతీపురం వైపు 535* కలపండి. జోన్లలో పైనుంచి మొదట సరిపోయినదే వర్తిస్తుంది కాబట్టి, ఈ జోన్‌ను రాష్ట్రాల జోన్ల కన్నా పైకి లాగి ఉంచాలి. ఇది మరిచిపోతే మార్పు చేసినా ఏమీ కనబడదు. ఛార్జీని సరుకు పేజీలోనే పిన్‌కోడ్ అడిగి చెప్పేయండి.

ఖాతా తెరవకుండా కొనే వీలు ఉంచండి. ఓటీపీ లేనిదే ముందుకు పోనివ్వకపోతే, కొండల మీద మెసేజ్ వచ్చేలోపు గడువు తీరిపోతుంది. పేరు, ఫోను, పిన్‌కోడ్, చిరునామా, గుర్తుగా ఒక చోటు: ఐదు గడులు చాలు. ఫోను, పిన్‌కోడ్ గడుల్లో అంకెల కీబోర్డే రావాలి. గడిలోని అక్షరాలు 16 పిక్సెళ్లకు తగ్గితే ఐఫోన్ పేజీని పెద్దది చేసి పక్కకు నెట్టేస్తుంది. బటన్లు 48 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. వాట్సాప్ లింకులో 91 తర్వాత పది అంకెలు రాయాలి, ముందు ప్లస్, సున్నా పెట్టకూడదు. దాంట్లోనే చీర పేరు, నంబరు ముందుగా రాసి ఉంచితే "ఏ చీర అండి?" అని అడగాల్సిన పని ఉండదు. ఎరుపు మీద పసుపు అక్షరాలు పెట్టేటప్పుడు రంగుల వ్యత్యాసం 4.5:1 ఉందో లేదో చూడండి. ఎండలో తెర చూసేవాళ్లకు అది కావాలి.

ఎవరికి ఏది

వందకు పైగా చీరలున్న కొట్టుకు: ఉన్న వర్డ్‌ప్రెస్ ఉంచి ఫొటోలు సరిచేయండి, సర్వరు దేశంలోకి తెచ్చుకోండి, తర్వాతే అవసరమైతే తేలిక థీము. చూసుకునే మనిషి లేకపోతే అద్దె వేదిక. లాడ్జికి స్టాటిక్ పేజీలు: పైనే ఫోను బటన్, మ్యాప్‌కు అతికించిన చట్రం బదులు లింకు. కొమ్ము బొమ్మల వాళ్లకు సరుకు తక్కువ, ఒక్కోటి ఒక్కో రకం, కాబట్టి కేటలాగ్‌తో మొదలుపెట్టి దూరపు ఆర్డర్లు పెరిగాక అద్దె వేదిక. జయపురం, రాయగడ హోల్‌సేల్‌కు కార్టు అనవసరం. ధరల పట్టికను పీడీఎఫ్‌గా కాకుండా పేజీగా పెట్టి, వెతికే గడి ఒకటి ఇవ్వండి. అది ఒక్కటే సరిగ్గా ఉన్నా ఫోన్లు సగం తగ్గుతాయి.

ఏ మార్పు చేసినా ఒక్కసారికి ఒక్కటే చేసి, తేదీతో నోటుపుస్తకంలో రాసుకోండి. లైట్‌హౌస్ అంకె ఆ రోజే తెలుస్తుంది. నిజమైన సందర్శకుల లెక్క 28 రోజుల మీద నడుస్తుంది కాబట్టి, నెల తిరిగాక అదే పేజీని మళ్లీ తెరిచి చూడండి.